అక్షరక్రమంలో చివరి పేరు

విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో ఏ కణాలు ఎన్ని పుట్టాయో, వాటిలో ఎన్ని మిగిలాయో లెక్కగట్టడం మా మేడం పని. పద్దెనిమిదేళ్లు ఆ పని తాత్కాలిక ఉద్యోగంలోనే చేశారు. మూడో అంతస్తు చివరి గదిలో ఒక నల్లబల్ల, రెండు కుర్చీలు, మోచేతుల దాకా చాక్‌పొడి. ఉండేది తమ్ముడింట్లో. "కనిపించని కణాలకి కనిపించని జీతం ఇస్తున్నారే అక్కా!" అని అతను ఎగతాళి చేస్తే అందరికంటే ముందు ఆవిడే నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

నేను పన్నెండేళ్లు ఆవిడ శిష్యుణ్ని. నాలుగు వరుసలు దాటితే నా లెక్క దారి తప్పేది. "మళ్లీ మొదట్నించి చెయ్యి నాయనా" అనేవారు. నేను ఎన్నిసార్లు చేసినా, చివరికి తప్పు పట్టేదీ దిద్దేదీ ఆవిడే.

మా రంగంలో ఒక ఆనవాయితీ ఉంది. వ్యాసం మీద పేర్లు ఎవరెంత చేశారన్నదాన్ని బట్టి ఉండవు, అక్షరక్రమంలో ఉంటాయి. తొమ్మిది వ్యాసాల్లోనూ నేను మొదట, ఆవిడ చివర.

పర్మనెంటు పోస్టు ఒక్కటే పడింది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. మరుసటి ఏడాదికి ఆవిడకు వయసు దాటిపోతుంది, అదే ఆఖరి అవకాశం. ఇంటర్వ్యూ చేసినవాళ్లలో మా విద్య తెలిసినవాడు ఒక్కడూ లేడు. రసాయన శాస్త్రం పెద్దాయన నా కాగితాలు తిరగేశాడు. వాళ్ల రంగంలో పనంతా చేసినవాడి పేరే ముందు వేస్తారు.

"అన్నిట్లో నీ పేరే ముందుందే! మరి ఆవిడ చేసిందేంటి?"

ఉన్నమాట ఒక్కటి చెబితే సరిపోయేది.

"మేడం కూడా సాయం చేశారండీ" అన్నాను.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నాకు లెక్కపెట్టడం నేర్పిందే ఆవిడ. పోస్టు నాకొచ్చింది. గది కూడా నాకే ఇచ్చారు.

ఆవిడ ఖాళీ చేసే రోజు నోటుపుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే, సిగ్గులేని జన్మ నాది, టేపు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"అక్షరక్రమం సంగతి వాళ్లకి తెలీదేమో నాయనా. నాకేమో ఆ మాట చెప్పాలని ఇంటికెళ్లాకగానీ తట్టలేదు. నిన్నేమైనా అడిగారా?"

"లేదు మేడం."

"అదే అనుకున్నా. అడిగుంటే నువ్వు చెప్పకుండా ఉంటావా?"

పన్నెండేళ్లు నా లెక్కల్లో ఒక్క తప్పునీ వదలని మనిషి, ఆ మాట అని, పెట్టె బరువుగా ఉంది, రెండో పక్క పట్టుకోమన్నారు.