మల్లయ్య అరచేతి పరీక్ష

మల్లయ్య దేన్నీ చెయ్యి పెట్టి చూడందే నమ్మడు. చాయ్ వేడిగా ఉందని భార్య దేవమ్మ చెప్పినా సరే, గ్లాసుకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, "ఆ, వేడిగనే ఉన్నది" అని తీర్పు చెప్పాకే తాగుతాడు. ఫ్రిజ్ మీద రోజుకు రెండుసార్లు, మిక్సీ మీద అది తిరిగినంతసేపూ, ఇంటికొచ్చిన చుట్టాల నుదుటి మీద జ్వరం ఉన్నా లేకున్నా ఆ చెయ్యి పడాల్సిందే.

పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు మోటార్లు బాగుచేసిన ఫిట్టరు ఆయన. తిరుగుతున్న మోటారు మీద చెయ్యి వేసి "దీని బేరింగ్ ఎల్లుండికి పోతది" అన్నాడంటే అది ఎల్లుండి పోయి తీరేది. బాగుచేసిన మోటారును మాత్రం వెంటనే పనిలో పెట్టనిచ్చేవాడు కాదు. బరువు తగిలించకుండా ఉత్తగా తిప్పి, చెయ్యి పెట్టి చూసి, అదురు తగ్గిన కొద్దీ కొంచెం కొంచెం బరువు పెంచేవాడు. ఇంజినీర్లు తొందరపెడితే ఒకటే జవాబు: "దెబ్బ తిన్నది సార్, జెర సంభాళించుకోనియ్యిన్రి."

కూతురు నిషిత పెళ్ళిచూపుల్లో కూడా అంతే. పెళ్ళికొడుకు శ్రావణ్‌కుమార్ చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. అటువైపు పెద్దలు గుసగుసలు మొదలుపెట్టాక "అదురు లేదు, మంచి పిలగాడు" అని వదిలాడు. ఆ సంబంధం అట్లా ఖాయమైంది.

ఆ చెయ్యిని చూస్తే శ్రావణ్‌కు మొదట్లో నవ్వొచ్చేది. ఎనిమిది నెలలుగా మాత్రం గుండె దడ.

ఎనిమిది నెలల కిందట, వానలో, హైవే మీద ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. శ్రావణ్ కారు దాని వెనక భాగంలోకి సగం దూరిపోయింది. నుదుటి మీద నాలుగు కుట్లతో బయటపడ్డాడు గానీ, అప్పటి నుంచి స్టీరింగ్ పట్టుకుంటే చాలు చేతులు వణుకుతాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కంపెనీ బస్సు ఉండగా కారెందుకని నిషితతో కూడా బుకాయించాడు. మందుల కంపెనీ ల్యాబులో పదిమందికి పైఅధికారి అయినవాడు కారంటే భయమని ఏ నోటితో చెప్పుకుంటాడు?

అట్లాంటి సమయంలో ఒక శుక్రవారం పొద్దున, పక్క వీధిలో ఉండే మామ మల్లయ్య వచ్చి కుర్చీకి చెయ్యి ఆనించి చూసి కూర్చున్నాడు.

"అల్లుడా, మీ అత్తకు మోకాలు ఆపరేషన్ అయ్యింది గద. సోమవారం సంది రోజూ ఫిజియో దవాఖానకు తీస్కపోవాలె. ఆటో గుంతలల్ల ఎగిరితే ఆ మోకాలు మళ్ళ చెడ్తది. ఓ చిన్న కారు, సెకండ్ హ్యాండ్‌ది కొంట. నువ్వు నడుపు."

"ఎంత దూరం మామా?"

"కిలోమీటరు."

"కిలోమీటరుకు కారా?"

"పోను కిలోమీటరు. మళ్ళ రావాలె గద!"

"నాకు డ్యూటీ ఉంటది..."

"దవాఖాన ఏడింటికి తెరుస్తరు. నీ బస్సు తొమ్మిదింటికి. రెండూ అడిగే వచ్చిన."

తప్పించుకునే దారులన్నీ మూసేసి మరీ వచ్చాడు పెద్దమనిషి. ఆయనకు స్టీరింగ్ పట్టడం రాదు. అసలు ముందు సీట్లో కూర్చునే అలవాటే లేదు. ముప్పై ఒక్క ఏళ్ళూ కంపెనీ బస్సులో చివరి సీటే ఆయనది. ఎదురొచ్చే లారీని చూడటం కన్నా వెనక్కి పోయే చెట్లను చూడటం నయమని అనేవాడు.

శనివారం పొద్దున్నే ఇద్దరూ పటాన్‌చెరులో పాత కార్లు అమ్మే కళ్యాణ్ దగ్గరికి పోయారు. కళ్యాణ్ తెల్ల డీజిల్ బండి ముందు నిలబడి పొగడటం మొదలుపెట్టాడు. మల్లయ్య ఆ పొగడ్తలేవీ వినకుండా బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"పొద్దుగాల దీన్ని ఎవరన్న నడిపిన్రా?"

"లేదు కాకా. రాత్రి సంది ఇక్కడ్నే ఉన్నది."

"మరి దీనికి జ్వరమెందుకొచ్చింది?"

కళ్యాణ్ తల గోక్కున్నాడు. చల్లటి ఇంజన్ మొరాయిస్తుందని, వీళ్ళు రాకముందే స్టార్ట్ చేసి వేడి చేసిపెట్టిన సంగతి బయటపడింది. "అయినా రోజుకు రెండు కిలోమీటర్లు తిరిగేదానికి డీజిల్ ఎందుకయ్యా? ఇంజన్ వేడెక్కకముందే ఇల్లొస్తది. లోపల మసి పట్టి పాడైతది" అన్నాడు మల్లయ్య. శ్రావణ్ మనసులో ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గా భవానికి ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాడు. ఉన్న బండ్లన్నీ ఇట్లాగే తప్పిపోతే ఇంకో పది కొడతానన్నాడు.

రెండోది బూడిద రంగు పెట్రోల్ బండి. బానెట్ చల్లగా ఉంది, మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది, వంక పెట్టడానికి వీల్లేకుండా ఉంది. "ఓ చక్కర్ కొడదాం పా" అని మల్లయ్య ముందు సీటెక్కి, ఎడమ చేత్తో తలుపు పైన పిడిని పట్టుకున్నాడు. కుడి అరచెయ్యిని గేరు మీదున్న అల్లుడి చేతి మీద పెట్టాడు.

"ఇదేంది మామా?"

"గేరుబాక్సు పరీక్ష. నువ్వు ముందుకు చూడు."

సర్వీసు రోడ్డు ఎక్కారో లేదో, వెనక నుంచి ట్యాంకరు హారన్ మోగించింది. శ్రావణ్ చెయ్యి వణికింది. ఆపుకోవాలనుకున్న కొద్దీ ఇంకా వణికింది. దాని మీద, మోటార్ల లోపలి రోగాలు కనిపెట్టే ఆ చెయ్యి కదలకుండా ఉంది. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడే అడుగుతాడని శ్రావణ్ ఎదురుచూశాడు.

"ఆపు" అన్నాడు మల్లయ్య. "గేరుబాక్సు అదురుతున్నది. వద్దు."

వెనక సీట్లోంచి కళ్యాణ్ లేచినంత పని చేశాడు. "కాకా! మక్ఖన్ లెక్క మెత్తగుంటది దీని గేరుబాక్సు!"

"నా చెయ్యి అబద్ధం చెప్పదు."

మామ చెయ్యికి వయసు మీద పడిందని శ్రావణ్ సంతోషించాడు. ఆ వెంటనే సిగ్గుపడ్డాడు కూడా, ఎందుకంటే అదిరింది బండి కాదు, తన చెయ్యేనని ఆ కారులో తెలిసినవాడు తనొక్కడే అనుకున్నాడు. తర్వాత నీలం బండి వచ్చింది, గేరుబాక్సు అదిరింది. జోగిపేట నుంచి వెండి రంగు బండి తెప్పించారు, అదీ అదిరింది. ఆదివారం మధ్యాహ్నానికి సంగారెడ్డి జిల్లా మొత్తంలో అదరని గేరుబాక్సే లేదని తేలింది. కళ్యాణ్ మంచినీళ్ళు తాగుతూ "ఇగ ఒక్కటే ఉన్నది కాకా. అది చూపెట్టాలంటే నాకే షరమైతున్నది" అన్నాడు.

అది ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో రిటైరైన నర్సు కమలాకుమారిది. పద్నాలుగేళ్ళ ఎర్ర బుల్లి కారు. ఇంటి నుంచి గుడికి, గుడి నుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ తిరగలేదు. ఎడమ తలుపు బయటి నుంచి తప్ప తెరుచుకోదు. హారన్ నొక్కితే కోడిపిల్ల కూసినట్టు ఉంటుంది. మల్లయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి తల ఊపాడు. తన బండి ఎవరి చేతిలో పడుతుందో చూడాలని కమలాకుమారి కూడా వెనక, కళ్యాణ్ పక్కన ఎక్కి కూర్చుంది.

ఊరి బయట ఇరుకు రోడ్డు మీద, గడ్డి మోపులు ఆకాశానికంటేలా వేసుకుని ఒక ట్రాక్టరు ఎదురొచ్చింది. శ్రావణ్ కంగారుగా బ్రేకు తొక్కాడు. కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ట్రాక్టరు ఆగకుండా వస్తూనే ఉంది. మల్లయ్య చెయ్యి గేరు మీదున్న చేతిని గట్టిగా అదిమింది. శ్రావణ్ హారన్ నొక్కాడు. కీక్ మంది.

కమలాకుమారి కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "ఓ ఐలన్నా! జెర ఆగు! పిలగాడు కొత్తగ నేర్సుకుంటుండు!"

ట్రాక్టరు ఆగింది. ఐలన్న సీటు మీంచి వంగి చూశాడు. "హారన్ కొట్టినవా తమ్మీ, దగ్గినవా?"

ల్యాబులో పదిమందికి పైఅధికారి అయిన శ్రావణ్‌కుమార్‌కు ముందు రోషం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే మళ్ళీ స్టార్ట్ చేశాడు, నవ్వుతూనే గడ్డి కిటికీలకు రాసుకుంటుండగా ట్రాక్టరును దాటించాడు. స్టీరింగ్ ముందు కూర్చుని అతను నవ్వింది ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

"ఇదే బండి" అన్నాడు మల్లయ్య. "దీని గేరుబాక్సు బంగారం."

సరిగ్గా అప్పుడే ఆ గేరుబాక్సు గరగరమంది. కళ్యాణ్ రెండు చేతులూ జోడించాడు. "కాకా, నీకు దండం."

సోమవారం పొద్దున ఏడింటికి దేవమ్మ వెనక సీట్లో మూలుగుతూ కూర్చుంది. అద్దంలోంచి చూస్తే ఆమె కుడి మోకాలు పట్టుకుని ఉంది. ఆపరేషన్ జరిగింది ఎడమ మోకాలికని శ్రావణ్‌కు లీలగా గుర్తొచ్చింది గానీ, ఆలోచించే తీరిక లేదు. ఫ్యాక్టరీల మలుపులో పొడుగాటి కంటైనర్ లారీ అడ్డంగా తిరుగుతోంది. దాని వెనక చక్రాలు మెల్లగా వీళ్ళ బానెట్ వైపే వస్తున్నట్టున్నాయి. శ్రావణ్‌కు కారు దిగి పారిపోదామా అనిపించింది. చెయ్యి మళ్ళీ వణకడం మొదలైంది.

"తొందర లేదు" అన్నాడు మల్లయ్య రోడ్డునే చూస్తూ. "జెర సంభాళించుకోనియ్యి."

వెనక రెండు బండ్లు హారన్లు మోగించాయి. మల్లయ్య చెయ్యి కదల్లేదు. లారీ పోయింది. శ్రావణ్ ఒక ఊపిరి పీల్చి, మొదటి గేరు వేసి, మలుపు దాటించి, కారును దవాఖాన ముందు ఆపాడు. చొక్కా తడిసిపోయింది గానీ వచ్చేశాడు.

లోపల ఫిజియో చేయించే పుష్ప వీళ్ళను కిటికీలోంచి చూసి, లోపలికి రాగానే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పెద్దమ్మా, ఏందిది? కార్ల ఎందుకొచ్చినవ్? రోజూ నడిచి రమ్మని చెప్పలేదా? మొన్నటి దాక మంచిగ నడిచొస్తుంటివి గద!"

దేవమ్మ మూలుగు టక్కున ఆగిపోయింది. మల్లయ్య గోడ మీది స్విచ్చుబోర్డుకు చెయ్యి ఆనించి దాని ఆరోగ్యం చూడటంలో మునిగిపోయాడు.

"మొన్నటి దాకనా?" అన్నాడు శ్రావణ్. "అత్తమ్మా, నువ్వు నడుస్తవా?"

"వారం దినాల సంది నడుస్తున్న బిడ్డా. మీ మామనే వెనక సీట్ల కూసొని మూల్గుమన్నడు. ఏ మోకాలు పట్టుకోవాల్నో మాత్రం చెప్పలే" అంది దేవమ్మ.

శ్రావణ్ మామ వైపు తిరిగాడు. "ఆ బూడిద రంగు బండి గేరుబాక్సు?"

"మంచిగనే ఉండె."

"నీలం బండిది?"

"అదీ మంచిదే. కళ్యాణ్ పిలగానికి ఉత్త పుణ్యానికి బద్నాం తెచ్చిన" అని మల్లయ్య స్విచ్చుబోర్డు మీంచి చెయ్యి తీశాడు. "దసరా నాడు జమ్మి ఆకు నా చేతుల పెట్టినవ్, గుర్తుందా? మళ్ళ కారెప్పుడు కొంటున్నవని అడిగిన. నీ చెయ్యి అదిరింది. నోటితోని అడిగితే నువ్వు చెప్పవు. దెబ్బ తిన్న మోటర్‌ను మూలకు పడేస్తే జంగు పట్టి తుప్పు రాలుతది అల్లుడా. పెద్ద లోడ్ పెడితే కాలిపోతది. కిలోమీటరైతే ఏం గాదు."

శ్రావణ్ ఎనిమిది నెలలు దాచుకున్న భయాన్ని ఈ మనిషి ఐదు నెలలుగా అరచేతిలో పెట్టుకుని తిరిగాడు. ఒక్కరి ముందు కూడా బయటపెట్టకుండా నిందంతా గేరుబాక్సుల మీద వేశాడు. సిగ్గనిపించాల్సిన చోట ఒళ్ళంతా తేలికైనట్టు అనిపించింది.

వ్యాయామం అయ్యాక, పుష్ప హుకుం ప్రకారం దేవమ్మ సందులోంచి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరింది. కారులో మామా అల్లుళ్ళిద్దరే మిగిలారు. మలుపు దగ్గర మళ్ళీ లారీలు అడ్డం పడ్డాయి. గేరు మీద శ్రావణ్ చెయ్యి, దాని మీద మల్లయ్య చెయ్యి. అదురు మాత్రం గట్టిగానే తెలుస్తోంది. శ్రావణ్ తన చేతిని మెల్లగా కిందినుంచి లాగి, మామ చేతి మీద పెట్టి, కళ్ళు మూసుకుని చూశాడు.

"మామా, నీ బేరింగ్ పోయినట్టున్నది."

"ముప్పై ఒక్క ఏండ్లు వెనక సీట్ల కూసున్నోన్ని తెచ్చి లారీల ముందట కూసోబెడితే ఏమైతది?" మల్లయ్య కసిరాడు. "మొన్న సంది పానం అరచేతుల పెట్టుకొని కూసుంటున్న. కండ్లు తెరిచి నడుపు!"

"రేపు సంగారెడ్డి దాక పోదామా?"

"రేపు కిలోమీటరున్నర. లోడ్ మెల్లగ పెంచాలె." ఒక క్షణం ఆగి అన్నాడు. "నాక్కూడ."

వాళ్ళు ఇల్లు చేరేసరికి దేవమ్మ అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. మల్లయ్య ఎడమ తలుపును లోపలి నుంచి ఎంత గుంజినా అది రాలేదు. ఆమె వచ్చి బయటి నుంచి తలుపు తీసి, చెమటలు కారుతున్న మొగుడి నుదుటి మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు ఆగింది.

"జ్వరమేం లేదు" అంది. "దిగు, చాయ్ పెడ్త."