ఖాజాకు నేను చెప్పిన టైర్లు

ఒక గెలుపును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఓటమి అయితే ఎప్పుడో ఎక్కడో దించేసేవాణ్ణి. గెలుపు కనుక దించబుద్ధి కాలేదు. పైగా అది అందమైన గెలుపు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ ఇసుక దిబ్బ మీదికి ఎక్కుతున్న మా బండి కనబడుతుంది. తప్పు చేసినవాడికి ఆ తప్పు గుర్తొస్తే తల వంగాలి కదా. నాకు ముందు ఛాతీ పొంగుతుంది. తల వంగడం ఆ తర్వాత. ఈ వరుస ఇలా ఎందుకుందో నాకు నేనుగా తేల్చుకోలేక మీతో చెబుతున్నాను.

పేరు రాయను. జగిత్యాల ప్రాంతంలో చాలాకాలం ఒక దినపత్రికకు వార్తలు పంపాను. కబడ్డీ పోటీలు, మార్కెట్ కమిటీలు, పదో తరగతి ఫలితాలు. గెలిచినవాడి మెడలో దండ పడుతుంటే వేదిక కింద నిలబడి రాసుకోవడం నా పని. మర్నాడు వాళ్ల ఫొటో వచ్చేది. నాకు అసూయ ఉండేదా? లేదనే అనుకునేవాణ్ణి. పత్రికలో నా చోటు పోయాక, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, మా వైపు వాళ్లందరిలాగే నేనూ దుబాయి పోయాను. మాకు గల్ఫంతా దుబాయే. నేను దిగింది బహ్రెయిన్‌లో.

సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో స్టోరు చూసేవాణ్ణి. పికప్ బండ్ల కింద స్ప్రింగులు మార్చి, మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కాలనిపించేంత ఎత్తుకు లేపడం మా గ్యారేజీ పని. ఆ బండ్లకు అసలు రోజులు చలికాలంలో వచ్చేవి. అక్కడ చలికాలం అంటే మంచు కాదు. ఎండ మనిషిని కాస్త వదిలిపెట్టే కాలం. ఊళ్లోని కుటుంబాలన్నీ సఖీర్ వైపు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. రోడ్డు టైర్లు విప్పి ఇసుకకు పనికొచ్చే టైర్లు వేయించుకోవడానికి బండ్లు మా సందులో బారులు తీరేవి. శుక్రవారం మధ్యాహ్నాలు ఒక నిటారు ఇసుక దిబ్బ దగ్గర జనం చేరేవారు. ఎవరి బండి పైదాకా ఎక్కుతుందో చూడాలి. బహుమతీ లేదు, కప్పూ లేదు. ఎక్కిన బండి ఏ గ్యారేజీదో ఆ చలికాలమంతా దాని పేరే వినబడేది.

ఆ పేరు వరసగా మా ఎదురు గ్యారేజీ వాళ్లకే దక్కుతూ వచ్చింది. వాళ్ల బండి నడిపే పెషావర్ డ్రైవర్ ఆరితేరినవాడు. మేము ఓడిన మర్నాడల్లా ఎదురు గ్యారేజీ వాళ్లు మా గేటు ముందు నిలబడి, మా బండి ఇంజను మూలిగినట్టు మూలిగి పోయేవారు.

ఖాజా ఆ ఎదురు గ్యారేజీలోనే పంచర్లు వేసేవాడు. మెట్‌పల్లి మనిషి. ఇద్దరం ఒకే క్యాంపులో ఉండేవాళ్లం. నన్ను ‘అన్నా’ అనేవాడు. గల్ఫ్‌కు రాకముందు కిరాయి ట్రాక్టర్ నడిపి ఎన్నో పొలాలు దున్నాడు. గాలి విషయంలో అతనికి పేరుండేది. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలి. ఎంత తగ్గించాలన్నది ఖాజా టైరును మోకాలితో నొక్కి చెప్పేవాడు. మా ఫహద్ కూడా, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ కొడుకు, ఒక్కోసారి గేటు దాటి వెళ్లి అతన్నే అడిగి వచ్చేవాడు.

నేను చెబుతున్న చలికాలానికి ముందు పెషావర్ డ్రైవర్ ఇంటికి వెళ్లిపోయాడు. దిబ్బ ఎక్కే టైర్లు అతను ఎడారిలోనే మార్చుకునేవాడు, శుక్రవారాలు కూడా గ్యారేజీలోనే పంచర్లు వేసే ఖాజా వాటిని చూసిందే లేదు. ఖాజా కఫీల్ రాజధాని మనామాలో బజారు మనిషి. ఎడారికి బిర్యానీ తినడానికి తప్ప వెళ్లడు. ఆయన ఖాజాను పిలిచి, టైర్లు నువ్వే ఎంచు, బండి నువ్వే నడుపు, దిబ్బ ఎక్కించావంటే ఇకమీదట డ్రైవర్‌వి నువ్వే అన్నాడు. లైసెన్సు చేతిలో ఉండి కూడా ఖాజా బండ్ల కింద పడుకునే బతికేవాడు. డ్రైవర్ సీటు అంటే అతనికి ఎంతో మీరు ఊహించగలరు. నేనూ ఊహించగలిగాను. అదే ఇక్కడ చెప్పవలసింది. తెలియక చేయలేదు.

ఆ వారంలోనే ఫహద్ నాకు ఇసుక గురించి ఒక పాఠం చెప్పాడు. ఒంటె పాదం చూశావా, మెత్తగా, వెడల్పుగా ఇసుక మీద పరుచుకుంటుంది, అందుకే దిగబడదు. మేక గిట్ట దిగబడుతుంది. టైరూ అంతే. ఎత్తైన రబ్బరు బుడిపెలున్న టైరు ఇసుకను పట్టుకోదు, తవ్వుతుంది. ఆ బుడిపెల టైర్లను మనవాళ్లు బటన్ టైర్లంటారు. ఫహద్ తన బండికి వెడల్పైన సాదా టైర్లు వేయించుకున్నాడు. వాటిని స్టోరులోంచి తీసి ఇచ్చింది నేనే.

గురువారం సాయంత్రం, డ్యూటీ అయ్యాక, సందు మొగదల ఖాజా నన్ను ఆపాడు.

“అన్నా, నువ్వు పేపర్ల రాసినోనివి. నాల్గు ముచ్చట్లు తెలిసినోనివి. బటన్ టైర్లేద్దునా, సాదాయి ఏద్దునా?”

“ట్రాక్టర్ నడిపినోనివి నన్నడుగుతవేందిరా?”

“గది వేరే గదనే. ఇది ఇసుక.”

“బురద పొలం మెత్తగుంటదా, ఉండదా?”

“ఉంటది.”

“ఇసుక?”

“గదీ మెత్తగనే ఉంటది.”

“మరి సాదా టైరేసుకొని బురదల దిగినవా ఎన్నడన్న?”

ఖాజా పకపకా నవ్వాడు. “దిగితే మా సేటు నా తోలు తీస్తుండె.” తర్వాత మా గేటు వైపు చూశాడు. “మరి మీ ఫహద్ సాదాయే ఏసిండు గదా?”

ఇక్కడ నాకు ఒక అవకాశం వచ్చింది. నవ్వి, ‘ఊకెనే అన్న, నువ్వూ సాదాయే ఎయ్యి’ అంటే సరిపోయేది.

“వానికేం తెలుసురా,” అన్నాను. “సోకులోడు. బండి సూడనీకి మంచిగుంటే సాలు వానికి. నేను చెప్పిన, ఇనలే.”

“అల్లా నీకు మంచిగ జెయ్యాలె అన్నా,” అన్నాడు ఖాజా. “నువ్వు లేకుంటే ఆగమైదును.”

ఆ రోజు నేను అతనికి చెప్పింది అబద్ధం మాత్రమే అయితే బహుశా ఇంతకాలం నన్ను పట్టి ఉండేది కాదు. అబద్ధాన్ని దేనితో కట్టానో చూడండి. మా ఇద్దరికీ తెలిసిన పొలంతో, మా ఇద్దరి కాళ్లకూ అంటిన బురదతో. పరాయి దేశంలో ఇంకొకడు ఆ మాట చెబితే ఖాజా రెండోసారి ఆలోచించేవాడు. నేను చెప్పాను గనుక, మా ఊరి లెక్కలో చెప్పాను గనుక, నమ్మాడు. ఎందుకు చేశాను? ఖాజా మీద కోపమా? లేదు, అతనంటే నాకు ఇష్టం. ఎవరైనా నాకేమైనా ఇస్తామన్నారా? అదీ లేదు. ఎన్నో గెలుపుల పక్కన నిలబడ్డవాణ్ణి, ఒక్కటి నా చేతిలోంచి పుట్టాలనిపించింది. ఇంతకంటే పెద్ద కారణం ఎంత వెదికినా నాకు దొరకలేదు.

మర్నాడు ఖాజా బండే ముందు వచ్చింది. కొత్త బటన్ టైర్లు, నల్లగా, భయం పుట్టించేంత బలంగా ఉన్నాయి. వాటిని చూసి వాళ్ల కఫీల్ ముఖం వెలిగిపోయింది. ఖాజా ఒక్కో టైరు దగ్గర వంగి, గాలి వదిలి, మోకాలితో నొక్కి చూసుకున్నాడు. బిస్మిల్లా అని ఎక్కాడు. దిబ్బ నడుమదాకా బాగానే వెళ్లింది. అక్కడ చక్రాలు ఇసుకను వెనక్కి చిమ్మడం మొదలుపెట్టాయి. అతను ఇంకాస్త తొక్కాడు. బండి ముందుకు పోవలసింది పోయి కిందికి దిగింది. ఇరుసు దాకా పూడుకుపోయింది.

మా వెల్డర్ రాజన్న చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు: “బోరేస్తున్నవా ఖాజా? ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డయే?”

మా వాళ్లు నవ్వి నవ్వి ఇసుకలో కూలబడ్డారు. నేనూ నవ్వాను.

తర్వాత ఫహద్ వచ్చాడు. దీన్ని మీకు తక్కువ చేసి చెప్పలేను. చెబితే మళ్లీ అబద్ధమవుతుంది. ఆ సాదా టైర్లు గాలి తగ్గి, పిండి ముద్దల్లా పరుచుకుని, ఇసుక మీద దాదాపు చప్పుడు లేకుండా ఎక్కాయి. నడుమ దాటింది. ఖాజా దిగబడిన గుంట దాటింది. కొన దగ్గర ఒక్కసారి ఊగి, ముందు చక్రాలు ఆకాశంలోకి లేచి, ఆవలి వైపు ఒరిగి నిలబడింది. మా వాళ్లు ఒక్కసారిగా అరిచిన అరుపు నా గొంతులోంచే వచ్చిందనిపించింది. రాజన్న నన్ను ఎత్తుకుని తిప్పాడు. ఫహద్ దిబ్బ మీది నుంచి నా వైపు చెయ్యెత్తి ఊపాడు. జీవితంలో మొదటిసారి నేను వేదిక కింద లేను. ఆ సంతోషం దొంగదని నాకు తెలుసు. అయినా అది సంతోషమే. ఇప్పటికీ అంతే.

కింద వాళ్ల కఫీల్ ఖాజా ముందు చెయ్యి చాచాడు. ఖాజా తాళం చెవి అందులో పెట్టాడు. “ఖలాస్,” అన్నాడాయన. అరవలేదు కూడా.

క్యాంపులో నల్లా దగ్గర ఖాజా మూతి కడుక్కుంటూ నన్ను అడిగాడు. “గాలి ఎక్కువుంచినా అన్నా? గాలేనా?”

అతనికి టైర్ల మీద అనుమానమే రాలేదు. టైర్లు చెప్పింది నేను కదా. తప్పు జరిగితే తన వైపే జరిగి ఉండాలి.

“గాలే కావచ్చు,” అన్నాను.

ఆ రెండు మాటలే అన్నిటికంటే పెద్ద తప్పు. టైర్ల అబద్ధంతో అతని సీటు పోయింది. దీంతో అతని మోకాలు పోయింది. ఆ తర్వాత ఖాజా దేన్నీ నొక్కి చెప్పలేకపోయాడు. మీటరు పెట్టి చూసేవాడు, మళ్లీ పెట్టి చూసేవాడు. ఫహద్ అతన్ని అడగడం మానేశాడు. సల్మాబాద్‌లో అతనికి ‘గాలి ఖాజా’ అని పేరు పడింది. క్యాంపులో సగం మంది మా వైపు వాళ్లే కనుక, ఆ పేరు అతనికంటే ముందే విమానమెక్కి మెట్‌పల్లి చేరింది. ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. చూసి ఉన్నదున్నట్టు రాయడమే నేను నేర్చుకున్న వృత్తి. దీన్ని మాత్రం ఎక్కడా రాయలేదు.

మొన్నామధ్య మా వైపు ఒక పెళ్లిలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లం కలిశాం. ఆ దిబ్బ కథ చెప్పమన్నారు. చెప్పాను, ఎప్పటిలాగే, చేతులు తిప్పుతూ. గాలి ఖాజా దగ్గరికి వచ్చేసరికి అంతా నవ్వారు. నవ్వినవాళ్లలో బహ్రెయిన్ ముఖం చూడని వాళ్లు కూడా ఉన్నారు. మర్నాడు మెట్‌పల్లి బస్సెక్కాను.

ఖాజాకు బస్టాండు ఎదురుగా టైర్ల దుకాణం ఉంది. నేను వెళ్లేసరికి ఒక ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. ఒంటె పాదం, మేక గిట్ట, బురద పొలం, నల్లా దగ్గర మాట. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆపకుండా చెప్పాను.

ఖాజా ట్యూబు వదిలేశాడు. అది తొట్టిలో తేలింది.

“అంటే,” అన్నాడు నెమ్మదిగా, “నా గాలి మంచిగనే ఉండెనా?”

“మంచిగనే ఉండె. టైర్లే తప్పు. తెలిసే చెప్పిన.”

కొడతాడనుకున్నాను. అతను నన్ను దాటి రోడ్డు మీదికి వెళ్లాడు. “ఓ లతీఫ్ భాయ్! ఓ రాజేశం! ఇటు రాండ్రి, జల్ది రాండ్రి! నా గాలి కరెక్టే ఉండెనట! ఇగో, మోసం జేసినోడే వచ్చి చెప్పవట్టె!” గడ్డం నెరిసిన మనిషి, తడి చేతులతో తన మోకాలి మీద తనే చరుచుకుంటూ, నడిరోడ్డు మీద గట్టిగా నవ్వాడు. దిబ్బ కొన మీద కూడా అంత గెలుపు నేను చూడలేదు.

జనం చేరారు. ఖాజా నా వైపు తిరిగినప్పుడు నవ్వు లేదు.

“ఎందుకు జేసినవే?”

“గెలవాలనిపించింది.”

“గెలిచినవ్ గదా. ఇగ పో.”

క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఇంకోసారి అతని దగ్గర ఏదో తీసుకున్నట్టే కదా. రోడ్డు దాటి బస్టాండులో నిలబడ్డాను. దుకాణం ముందు ఖాజా కథ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. నా పేరు, ఇంటిపేరు, మా ఊరు, అన్నీ గట్టిగా చెబుతున్నాడు. వింటున్నవాళ్లలో ఎవరో నన్ను తిట్టారు. ఎన్నో ఏళ్ల తర్వాత నాకు ఊపిరి పూర్తిగా అందింది. జగిత్యాల బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పిలిచాడు. నేను ఎక్కలేదు. కథ ఇంకా దిబ్బ దాకా రాలేదు. అతని నోట అక్కడిదాకా విని పోదామనిపించింది.