సోమవారం కోసిన జీవాలు

తాండూరు నుంచి వికారాబాద్ పోయే పొద్దుటి రైల్లో మల్లిక రోజూ చదువుకుంటుంది. ఇల్లు తాండూరు పక్క ఊళ్లో. పని వికారాబాద్‌లో, రామచందర్ వకీలు దగ్గర. వచ్చినవాళ్ల గోడు రాసుకోవడం, కాగితాలు సర్దడం. వకీలు సహాయకులకు ఇచ్చే పారాలీగల్ సర్టిఫికెట్ వస్తే జీతం మారకపోయినా కుర్చీ మారుతుందని ఆయన నవ్వుతూ అన్నాడు.

ఈ నెల పాఠం టార్టులు. నేరం కిందికి రాకపోయినా, ఒకరి తప్పు వల్ల మరొకరికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే చట్టం. నిర్లక్ష్యానికి నాలుగు ప్రశ్నలు: జాగ్రత్త పడాల్సిన బాధ్యత ఉందా, తప్పారా, నష్టం జరిగిందా, అది ఆ తప్పు వల్లే జరిగిందా. ధారూర్ స్టేషన్ వచ్చేలోపు వాటిని చూడకుండా అప్పజెప్పగలదు.

ఉదాహరణ కోసం పుస్తకం తిరగేయనక్కర లేకపోయింది. పన్నెండు రోజుల కింద ఆమె తండ్రి బీరయ్య మంద, నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ వెనక ఒర్రెలో, ఫ్యాక్టరీ వదిలిన తెల్లటి నీళ్లు తాగింది. మర్నాటికి తొమ్మిది గొర్రెలు పోయాయి. నోటీసు పంపుదామన్నాడు రామచందర్. తండ్రి చెప్పింది ఆమెనే రాసుకు రమ్మన్నాడు; చదువుకు అదే పరీక్ష అన్నాడు.

సెలవు రోజున బీరయ్య గడప మీద కూర్చుని చెబుతుంటే రాసింది. చచ్చిన జీవాలను ఏం చేశారన్న చోట కలం ఆగింది.

"పాతిపెట్టినమని రాయి," అన్నాడు బీరయ్య.

"ఏడే పాతినం నాయినా."

మిగిలిన రెండూ ఆ పొద్దున తూలుతూ నిలబడి ఉన్నాయి. పడిపోబోయే జీవాన్ని ఊపిరి ఉండగానే కోయడం వాళ్ల తాతల నాటి నుంచి ఉన్నదే. ఊపిరి పోయాక అది పీనుగు. బీరయ్య కోసి, వాటాలుగా కుప్పలు వేసి వాడలో పంచాడు. సోమవారం కాబట్టి వాళ్లింట్లో ఎవరూ ముట్టలేదు. ఎదురింటి చంద్రవ్వకు మోదుగాకు పొట్లం ఇచ్చి వచ్చింది మల్లికే. ఆ మర్నాటి నుంచి చంద్రవ్వకు వాంతులు. ఇంకా మంచం దిగలేదు. తిన్న మిగతావాళ్లకు ఏమీ కాలేదు.

నీళ్లలో విషం ఉందని తేలితే ఆ మాంసం పంచిన తప్పు మనదవుతుందని మల్లిక నెమ్మదిగా చెప్పింది. వాడకట్టు తిని బాగానే ఉందంటే, నీళ్లలో ఏమీ లేదని అవతలి వకీలు అంటాడు. ఎటు చూసినా కేసుకు దెబ్బే. చంద్రవ్వది వయసు రోగమని, తన తండ్రి కూడా ఇట్లాగే పంచాడని, ఎవరూ చావలేదని బీరయ్య చెప్పుకుంటూ పోయాడు.

"నన్ను పట్టియ్యనీకేనా నీకు చదువు చెప్పిచ్చింది?"

కోపంగా అనలేదు. ఆమె కలం మళ్లీ అందుకుంది. రెండు కోసి పంచామని రాసి, సంతకానికి కాగితం అతని ముందు పెట్టింది. అతను చూడకుండానే కట్టె తీసుకుని మిగిలిన మందను తోలుకుపోయాడు.

కాగితం మడిచి ఎదురింటికి పోయింది. చంద్రవ్వ మంచం మీది దూలానికి సెలైన్ సీసా వేలాడుతోంది. ఏం తిన్నావని డాక్టరు అడిగితే మొక్కు మాంసమని చెప్పిందట. ఆమె నిజంగా అట్లాగే అనుకుంది; పొట్లం ఇచ్చిననాడు మల్లిక ఏ మాంసమో చెప్పలేదు. అవి మొక్కు జీవాలు కావని, తెల్లనీళ్లు తాగి తూలుతున్నవని, తెలిసే ఇచ్చానని, డాక్టరుకు ఇప్పుడే చెబుదామని మల్లిక ఒక్కొక్కటే చెప్పింది.

చంద్రవ్వ ఆమె వైపు తల తిప్పింది.

"మీరు తిన్నరా బిడ్డా?"

"సోమారం గద, అవ్వా."

"ఔ. సోమారం," అని చంద్రవ్వ గోడ వైపు తిరిగింది.

అది నిజమే. అయినా సాకులా వినపడిందని మల్లికకు తెలుసు. బయటికొచ్చి డాక్టరుకు ఫోన్ చేసింది. తర్వాత గడప మీద కాగితం విప్పి, సంతకం కోసం వదిలిన ఖాళీకి పైన ఇంకో వాక్యం రాసింది: ఆ మాంసం మా ఇంట్లో ఎవరూ తినలేదు. సోమవారం కాబట్టి అని రాయాలా వద్దా అన్నది ఆమెకు తేలలేదు.