కౌజు పిట్టల కూర

మనుషులు ఏం తినాలో చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో ఇరవై ఏళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. ఆహారం పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకం మూసేసి నా సొంత ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని. మేకలకూ కోళ్ళకూ దాణా పండించడానికి ఎంత నేల, ఎంత నీరు కావాలో చెప్పి, పంటను పాడుచేసే ప్రాణుల్నే తింటే పంటా మిగులుతుంది, కూరా దొరుకుతుంది అనేదాన్ని. పావురాలు, మిడతలు, నత్తలు, పొలం ఎలుకలు అంటూ బోర్డు మీద రాసేదాన్ని. ఎలుకల దగ్గరికి రాగానే వెనక బెంచీల నుంచి "ఛీ" అని పెద్ద రాగం లేచేది. "ఛీ అనేది మీ నాలుక కాదర్రా, మీ అలవాటు" అని దబాయించేదాన్ని. ఆ మాటంటే నాకే ఎంతో ముచ్చటగా ఉండేది. ఇప్పుడు ఆ పాఠం పుస్తకంలో ఉన్నంత వరకే చెప్పి ఊరుకుంటున్నాను.

మేముండేది మన్సూరాబాద్‌లో, ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో. మేమంటే నేనూ, మా అమ్మా. మా ఆయనది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, నెలకోసారి వచ్చి పోతుంటారు. అమ్మది గోదావరి డెల్టాలో ఒక పల్లెటూరు. పదిహేనేళ్ళుగా నా దగ్గరే ఉంటున్నా ఆవిడ యాస ఒక్క అక్షరం కూడా మారలేదు. అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని నేనే. నోరున్నవాళ్ళకే పదవి ఇస్తారు కదా మరి.

నిరుడు వానాకాలం చివర్లో అమ్మకు విషజ్వరం వచ్చింది. జ్వరం పోయింది కానీ నోరు చచ్చిపోయింది. జావ పెడితే వద్దు, పెరుగన్నం పెడితే వద్దు. నాకిష్టమైన వంకాయ కూర చేసి నేనే తినేదాన్ని. అమ్మ చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. ఏదో ఒకటి తినకపోతే మందులు పనిచెయ్యవని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ మాట విన్నాక క్లాసులో పాఠం చెబుతూ కూడా నాకు ఆ గాజులే కనపడేవి. నిజంగా భయపడ్డాను.

నేను పనికి వెళ్ళినప్పుడు అమ్మకు తోడుండేది మా వాచ్‌మన్ భార్య. నల్గొండ దగ్గర పల్లె వాళ్ళది. సెల్లార్ పక్కనున్న ఒంటి గదిలో మొగుడూ పెళ్ళాలూ, వాళ్ళ చిన్న కూతురూ ఉండేవాళ్ళు. పొద్దున మెట్లు ఊడ్చేసి, పదకొండు గంటలకు మా ఇంటికొచ్చి, నేను తిరిగొచ్చేదాకా అమ్మ మంచం పక్కన కింద కూర్చునేది. ఇద్దరికీ పొలాల కబుర్లే. ఈవిడ కాలవ నీళ్ళ గురించి చెబితే ఆమె బోరు నీళ్ళ గురించి చెప్పేది. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేదనుకుంటాను, అయినా నవ్వులు మాత్రం నిండుగా వినపడేవి.

కార్తీకమాసం నెల్లాళ్ళూ మా ఇంట్లో నీసు ముట్టం. మాసం వెళ్ళిన మొదటి ఆదివారం ఆమె మూతపెట్టిన స్టీలు గిన్నె ఒకటి పట్టుకొచ్చి అమ్మకిచ్చి వెళ్ళింది. నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ బల్ల దగ్గర కూర్చుని అన్నం కలుపుకుంటోంది. రెండోసారి వడ్డించుకోవడం కూడా చూశాను. నా కళ్ళను నేనే నమ్మలేదు.

"ఏం కూరమ్మా అది?"

"పిట్టల కూరే. కౌజు పిట్టలు. దాని మరిది ఊర్నుంచి తెచ్చాడంట" అంది అమ్మ, తలెత్తకుండా.

నెల్లాళ్ళుగా ముక్క తగలని నాలుక నాది. రెండు ముక్కలు వేసుకున్నాను. తర్వాత ఇంకో రెండు. సన్నటి ఎముకలు, లేత మాంసం, దట్టంగా ఉల్లికారం. ఎముకలు కూడా నమిలేశాను. పక్షి ఎముక లోపల బోలుగా ఉంటుందనీ, అందుకే అది ఎగరగలుగుతుందనీ ఇరవై ఏళ్ళుగా పిల్లలకు బొమ్మ గీసి మరీ చూపించినదాన్ని. నా పళ్ళ కింద నలిగినవి బోలు ఎముకలు కావని నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు.

ఇచ్చిన గిన్నెను ఉత్తిదిగా తిరిగివ్వకూడదని అమ్మ పట్టుదల. సున్నుండలు పెట్టి పంపాను. మరుసటి ఆదివారం మళ్ళీ గిన్నె వచ్చింది, ఆపై వారం కూడా. అమ్మ మొహంలోకి నెత్తురొచ్చింది. మంచం దిగి బాల్కనీలో నిలబడటం మొదలుపెట్టింది. "నీ చేతికి కంకణం తొడగాలే" అన్నాను ఆమెతో. "అవ్వ తిన్నది, గంతే సాలు మేడం" అని ఆమె సిగ్గుపడింది.

నాలుగో ఆదివారం పొద్దున నీళ్ళ మోటారు సంగతి చూద్దామని కిందికి దిగాను. సెల్లార్ వెనక ప్రహరీ గోడ దగ్గర్నుంచి వెంట్రుకలు కాలుతున్న కమురు వాసన. వెళ్ళి చూద్దును కదా, మొగుడూ పెళ్ళాలిద్దరూ గడ్డి మంట ముందు కూర్చుని ఉన్నారు. సిమెంటు సంచి మీద వరసగా పెట్టి ఉన్నాయి, తొమ్మిదో పదో. బొచ్చు కాలిన ఒళ్ళు, చాచిన తోకలు, బయటికొచ్చిన పసుప్పచ్చటి పళ్ళు. ఒకదాన్ని ఆమె కత్తితో గీకుతోంది.

నేను పెట్టిన కేకకు నాలుగంతస్తుల బాల్కనీలూ నిండిపోయాయి.

"ఎల్కలు మేడం. పొలంలయి, మురికి మోరీలయి గావు" అని ఆమె గబుక్కున లేచింది. "కోతలైనయి గదా, మా మరిది పట్టిండు. వడ్లు తిన్న ఎల్కలు, సాఫుగుంటయి."

"మరి మాకు పెట్టింది?"

ఆమె తలెత్తి పైకి చూసింది. మొదటి అంతస్తు బాల్కనీలో మా అమ్మ కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. సిగ్గుతో నా మొహం చూడలేక ఈమె అటు చూస్తోందనుకున్నాను.

"కౌజు పిట్టలని చెప్పి జబ్బు మనిషికి ఎలుకలు పెడతావా? నీకు మేం ఏం అన్యాయం చేశాం?"

"మేడం, అవ్వనే..." అని ఆమె మొగుడు ఏదో అనబోయాడు. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేసింది.

"తప్పయింది మేడం. నాదే తప్పు" అంది.

పైకొచ్చి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. నాలుగుసార్లు పళ్ళు తోముకున్నాను. నేను బోర్డు మీద రాసే జాబితా ఆ రోజంతా నాకు ఒక్కసారి కూడా గుర్తురాలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఎలుకల కంటే ఆ సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

సాయంత్రం ఐదింటికి సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి సంఘం సమావేశం పెట్టాను. తనూ వస్తానని అమ్మ పట్టుబట్టింది. చివర కుర్చీలో కూర్చోబెట్టాను. వాచ్‌మన్ దంపతులు స్తంభం పక్కన నిలబడ్డారు. మూడో అంతస్తులో ఉండే నల్గొండ పెద్దాయన ఒకరు, "మా దిక్కు తింటరమ్మా, గదేం పెద్ద నేరం గాదు. ఇగ ఇక్కడ వండొద్దని చెప్తే అయిపాయె" అన్నారు. కొంతమంది తలలూపారు కూడా. అక్కడితో ఆగిపోవలసింది.

నేను లేచాను. క్లాసులో అలవాటైన గొంతు కదా, మైకు అక్కర్లేదు.

"ఎలుకలు తినేవాళ్ళతో ఒకే కప్పు కింద నేనుండలేను. వాళ్ళైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్నాను.

వాళ్ళను పంపించెయ్యాలని తీర్మానమైంది. అమ్మ చీరకొంగును వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. పాపం ఎంత రోత పుట్టిందో అనుకున్నాను. బుధవారానికి వాళ్ళ గది ఖాళీ అయింది. ట్రాలీ ఆటోలో ఒక స్టవ్వూ, రెండు మూటలూ, ఒక మడతమంచమూ వెళ్ళిపోయాయి. ఆమె స్టీలు గిన్నె మాత్రం మా వంటింట్లో ఉండిపోయింది.

ఆ రోజు నుంచి అమ్మ మళ్ళీ తినడం మానేసింది. ఎలుకలు తిన్నానన్న దిగులనుకున్నాను. ఆసుపత్రికి తీసుకెళ్ళి, డాక్టరుకు జరిగింది చెప్పి, అన్ని పరీక్షలూ చేయించాను. ఏమీ లేదన్నారు. పోనీ అసలు పిట్టలే తినిపిద్దామని ఎల్‌బీ నగర్‌లో కౌజు పిట్టలు కొని తెచ్చి, అచ్చం ఆమె చేసినట్టే ఉల్లికారం పెట్టి వండాను.

అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని తీసి పక్కన పెట్టింది.

"ఇది పిట్టే. అది కాదు."

"అది ఎలుకమ్మా" అన్నాను, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"తెలుసే."

"ఎప్పుడు తెలిసింది?"

"ఎప్పుడు తెలియడమేంటి? నేనే అడిగాను. కోతలయ్యాయి, మా మరిది ఎలుకలు తెస్తాడని అది మాటవరసకంది. నాకో నాలుగు పెట్టవే అన్నాను. అమ్మాయికి తెలిస్తే ఊరుకోదు, పిట్టలని చెబుదాం అన్నాను. ఒట్టు కూడా వేయించుకున్నాను."

అమ్మ ఎన్నాళ్ళో మూసిపెట్టిన పెట్టె తెరిచినట్టు చెప్పుకుపోయింది. మా తాతగారు రైతు అని నాకు తెలిసిన కథ. రైతు కాదట. కోతలప్పుడు ఆసాముల పొలాల్లో ఎలుకలు పట్టేవాడట. కుండలో గడ్డి పెట్టి బొరియలోకి పొగ ఊదితే, రెండో కన్నం దగ్గర అమ్మ గోనెసంచి పట్టుకుని కూర్చునేదట. తర్వాత బొరియ తవ్వి, ఎలుకలు దాచుకున్న కంకులు తీసి, ఆ వడ్లు దంచుకుని, ఆ ఎలుకలే కూర వండుకుని తినేవాళ్ళట.

"వానాకాలమంతా అర్ధాకలి. కోతలప్పుడే కడుపునిండా కూడు" అంది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకు ఏదీ సయించలేదు. మా నాన్న అవే తెచ్చి పెట్టాడు. నువ్వు బొద్దుగా పుట్టావు. ఊరంతా చూసెళ్ళారు."

యాభై రెండేళ్ళుగా నేను ఆ మనిషి కూతుర్ని. ఒక్కసారైనా ఆవిడ చిన్నప్పుడు ఏం తిన్నదో అడగలేదు. నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఇన్నాళ్ళు దాచిందన్న కోపం. వంటింట్లోకి పోయి గిన్నెలు అటూ ఇటూ విసిరాను. అప్పుడు వాచ్‌మన్ భార్య స్టీలు గిన్నె చేతికి తగిలింది.

పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగితే వాళ్ళు బడంగ్‌పేట్‌లో ఉన్నారని తెలిసింది. ఆ ఆదివారమే గిన్నె నిండా సున్నుండలు పెట్టుకుని ఆటో ఎక్కాను. అదీ సెల్లారే, అదీ ఒంటి గదే. నన్ను చూడగానే ఆమె మొహం పాలిపోయింది. పరుగున వచ్చి నన్ను గేటు బయటికి తీసుకుపోయింది.

"మేడం, జర మెల్లగ మాట్లాడుండ్రి. ఇక్కడోళ్ళకు ఎల్కల ముచ్చట తెల్వదు."

నేను ఏమడగాలని వచ్చానో అంతా మరిచిపోయాను. నన్ను చూసి ఒక మనిషి ఇంతగా వణికిపోవడం అంతకుముందెప్పుడూ చూడలేదు. "అమ్మ అంతా చెప్పింది. నాదే తప్పు. తిరిగి రండి" అన్నాను.

"రాము మేడం. పిల్లను ఈడ బళ్ళె ఏసినం." ఆ వెంటనే, "అవ్వ తింటుందా?" అని అడిగింది.

లేదన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. లోపలికెళ్ళి సున్నుండలు తన డబ్బాలోకి ఒంపుకుని, అదే గిన్నె నిండా చిక్కుళ్ళలాంటి అనపకాయలు పోసి తెచ్చింది. "ఇవైతే ఎవరేమనరు. అవ్వకియ్యుండ్రి" అంది. గిన్నె మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

ఇంటికొచ్చి అనపకాయలు అమ్మ ముందు పెట్టాను. ఆవిడ ఒకటి తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చుని, దారి పొడుగునా నన్ను తొలిచేసిన మాట అడిగాను.

"ఆ రోజు సమావేశంలో నువ్వూ ఉన్నావు కదమ్మా. నేనే అడిగి తిన్నానని ఒక్క మాట అంటే వాళ్ళు ఉండిపోయేవాళ్ళు కదా. ఎందుకు అనలేదు?"

అమ్మ కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసుకుంది.

"అందామనే వచ్చాను. ఎలుకలు తినేవాళ్ళతో ఒకే కప్పు కింద ఉండలేనన్నావు" అంది. "వాళ్ళకైతే బడంగ్‌పేట ఉంది. నేనెక్కడికి పోయేదాన్నే?"