తూము ఎత్తిన రోజు

పెళ్లయి కోనసీమ వచ్చిన కొత్తల్లో నన్ను మొదట ఆకట్టుకున్నది అక్కడి మంచినీళ్ల చెరువు. మా పుట్టిల్లు తణుకు. కుళాయి నీళ్లు తాగి పెరిగినదాన్ని. అత్తవారి ఊళ్లో ఏటా ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు చెరువు నిండుగా పెట్టుకుని, మళ్లీ కాలువలు వదిలేదాకా ఆ నీళ్లే కాచి వడపోసుకుని తాగేవాళ్లు. ఎవరైనా మెట్ల మీద కాళ్లు కడిగితే మా అత్తయ్య ఇంట్లోంచే కేకేసేది. ఆవిడ గొంతుకి ఊళ్లో మగవాళ్లు కూడా జడిసేవారు.

నేను దగ్గర్లోని టౌన్లో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఆ రోజుల్లోనే మా ఊరి పక్క కొబ్బరితోటలో గ్యాస్ కంపెనీ వాళ్లు బావి తవ్వారు. మా మరిదికి అక్కడ జీపు డ్రైవరు పని దొరికింది. ఇంటికి రాగానే అక్కడి విశేషాలన్నీ నాకు చెప్పేవాడు.

"అడుగున రాయిలో గ్యాస్ ఉందంట వదినా. నీళ్లల్లో ఇసుక, ఏవో మందులు కలిపి గట్టిగా లోపలికి కొడతారంట. రాయి బీటలిస్తే గ్యాస్ పైకొస్తదంట."

ఆ పనికి కావలసిన నీళ్లని కంపెనీ వాళ్లు కాలువలు కట్టేయకముందే ట్యాంకర్లతో తోడుకుపోయారు. పంపులు ఆడించిన రోజు మా వంటింట్లో గిన్నెలు సన్నగా కదిలాయి. తర్వాత బావిలోంచి తిరిగొచ్చిన నీళ్లని తోటలోనే పెద్ద గొయ్యి తవ్వి, నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి నిలవ పెట్టారు. నాకు భయమేమీ వేయలేదు. ఇంత లోతునుంచి మన పొయ్యిలోకి మంట తెస్తున్నారే అని ముచ్చటపడ్డాను కూడా.

వైశాఖంలో ఉన్నట్టుండి పెద్ద వాన పట్టుకుంది. అప్పటికి చెరువు సగానికి తగ్గింది. తోట పక్కనుంచి చెరువు తూము దాకా వచ్చి, అక్కణ్నుంచి మురుగుకాలువ డ్రైనులో కలిసే బోదె నిండుగా పారుతుంటే మా అత్తయ్య గొడుగేసుకుని గట్టు మీదకి పరిగెత్తింది.

"చూస్తారేంట్రా, తూము ఎత్తండి! దేవుడిచ్చిన నీళ్లు డ్రైనులో పోతున్నాయి!"

కుర్రాళ్లు తూము ఎత్తారు. సాయంత్రానికి చెరువు నిండింది. ఊరంతా సంబరపడింది.

మర్నాడు చెరువు అంచున సబ్బు నురగలాంటిది తేలింది. ఆ మర్నాటికి శీలావతి చేపలు చచ్చి వెల్లకిలా తేలి కనిపించాయి. నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పన, వెనకాల ఏదో కిరసనాయిలు జాడ. కాఫీకి పెట్టిన పాలు విరిగాయి. కందిపప్పు కుక్కర్లో ఎంతసేపు ఉంచినా గింజ గింజగానే ఉండిపోయింది. మరిది తోటలోకి వెళ్లి చూసొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"గొయ్యి గట్టు ఓ మూల తెగింది వదినా. నీళ్లు సగం పైగా బోదెలోకి దిగిపోయినాయి."

మా అత్తయ్య ఆ మాట విని పీట మీద కూలబడింది. "నేనే కదరా ఎత్తమంది" అంది. ఆ పూట ఎంత బతిమాలినా అన్నం ముట్టలేదు.

నేను చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని కాలేజీ ల్యాబుకి వెళ్లాను. మరిది ఎవరినీ అడక్కుండా గొయ్యిలో నీళ్లు ఇంకో సీసాలో తెచ్చిచ్చాడు. సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే రెండూ తెల్లగా విరిగాయి. గొయ్యి నీళ్లు మరీ పెరుగులా. ఉప్పుందని తేలింది. కానీ మా ఊళ్లో రొయ్యల చెరువులూ ఉన్నాయి, వాటి నీళ్లూ ఆ బోదెలోకే వదులుతారు. ఉప్పు కాక ఇంకేమున్నాయో చెప్పే సాధనం మా ల్యాబులో లేదు. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఉండే ధైర్యం ఆ రెండు సీసాల ముందు నాకు లేకపోయింది.

కంపెనీ దగ్గరికి వెళ్లి గొడవ చేద్దామని ఊళ్లో మగవాళ్లు బయల్దేరారు. మా అత్తయ్య వాళ్లని ఆపింది. మరిదిని పిలిచి, "మీ ఇంజనీరు గారిని రేపు మనింటికి భోజనానికి పిలు" అంది.

"నా ఉద్యోగం పోద్దమ్మా."

"భోజనానికి పిలిస్తే ఉద్యోగాలు పోతాయేంట్రా?"

ఇంజనీరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో. కాళ్లు కడుక్కుని, మొహమాటపడుతూ మావారి పక్కన కూర్చున్నాడు. అత్తయ్య అరిటాకు వేసి అన్నం, ముద్దపప్పు, కొత్తావకాయ వడ్డించి, నెయ్యి దండిగా పోసింది. ఆయన కలిపి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. పప్పు పళ్ల కింద పలుకుతున్న చప్పుడు నాకు వినిపించింది.

"ఏం బాబూ, బాగోలేదాండి?" అంది అత్తయ్య మెత్తగా. "మా చెరువు నీళ్లతోనే వండాను. ఇన్నేళ్లలో పప్పు ఉడకలేదన్న మాట మా ఇంట్లో లేదండి."

ఆయన తల ఎత్తకుండా ఇంకో ముద్ద కలుపుతూ, "రొయ్యల చెరువుల నీళ్లు కూడా కలుస్తాయి కదమ్మా" అన్నాడు.

"కలుస్తాయండి. అవి నాలుగేళ్లబట్టీ కలుస్తున్నాయి. చేపలు చచ్చింది మొన్నటి వానకండి."

మావారు ఏదో సర్దిచెప్పబోతే ఆవిడ చేత్తో వారించింది. ఇంజనీరు ఆకులోది వదలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటుంటే నేను అడిగాను, ఆ నీళ్లలో ఏం కలుపుతారని.

"ఉప్పు కిందనుంచే వస్తుందండి. మేం కలిపేవాటిలో కొన్ని నాకు తెలుసు. కొన్ని డబ్బాల మీద నంబర్లే ఉంటాయి. మాకూ చెప్పరు" అన్నాడు. అబద్ధం చెప్తున్నాడనిపించలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

ఆ మర్నాటి నుంచే కంపెనీ తరఫున మంచినీళ్ల ట్యాంకరు రావడం మొదలైంది. గొయ్యిలో మిగిలినవి తోడించి లారీల్లో పంపేశారు. ఎక్కడికని అడిగితే మరిదికీ తెలీదు. మిగిలింది చెరువు. డీజిలు ఇంజన్లు పెట్టి ఒక్క రోజులో డ్రైనులోకి తోడేస్తే సరి అన్నారు ఊళ్లోవాళ్లు. ఇంజనీరూ ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది మా అత్తయ్య.

"ఆ డ్రైను ఎక్కడికి పోద్ది? కిందూళ్లో గేదెలు తాగేది ఆ నీళ్లే కాదూ? మనం వద్దనుకున్నది వాళ్ల నోట్లో పోస్తామా?"

దాని మీద రామాలయం అరుగు దగ్గర పెద్ద రభసే జరిగింది. ఊరు దాహంతో ఉంటే పక్కూరి గేదెల గొడవేంటని ఒకాయన అరిచాడు. తూము ఎత్తించింది ఈవిడే కదా అని ఇంకొకాయన అన్నాడు. అత్తయ్య మొహం పాలిపోయింది కానీ అక్కణ్నుంచి కదల్లేదు. "అవునండి, నేనే. అందుకే చెప్తున్నాను" అంది. చివరికి కాలువలు వదిలేదాకా ఆగి, డ్రైను నిండుగా పారేటప్పుడు, అందులో పలచబడిపోయేలా కొద్దికొద్దిగా తోడాలని ఒప్పుకున్నారు. అన్నాళ్లూ మేమంతా ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డాం. ఆవిడా నిలబడింది, ఎవరితోనూ వాదం పెట్టుకోకుండా.

కాలువలు వదిలారు. ఇంజన్లు పెట్టి తోడారు. అవి ఆడుతున్న రోజుల్లో నేను రోజూ డ్రైను నీళ్లు ల్యాబులో చూసేదాన్ని. తెల్లదనం మెల్లగా పలచబడింది. బావిలో అనుకున్నంత గ్యాస్ పడలేదట, కంపెనీ వాళ్లు సామాన్లు సర్దుకున్నారు. ఇంజనీరుకి వేరే చోటికి బదిలీ అయింది. మరిది జీపు పని అక్కడితో సరి.

చెరువు ఖాళీ అయిన సాయంత్రం అత్తయ్యా నేనూ డ్రైను గట్టు వెంట కిందూరికి నడిచాం. ఒకావిడ రెండు గేదెల్ని తోలుకుని నీళ్ల దాకా వచ్చి మమ్మల్ని చూసి ఆగింది.

"పరీక్ష చేసే మేడమ్ గారు మీరేనంట కదండి. ఇవాళ తాగించొచ్చాండి?"

"ఉప్పు బాగా తగ్గిందండి. మిగతా సంగతి నాకు తెలీదు" అన్నాను.

ఆవిడ నా వైపూ నీళ్ల వైపూ చూసింది. గేదెలు అప్పటికే మూతులు చాపుతున్నాయి. పలుపులు లాగి పట్టుకుని, "అయితే బోరింగు దగ్గరికి తోలుకెళ్తానండి. కొట్టడం కష్టమే గానీ" అంది.

మా అత్తయ్య చెంగు నడుముకి దోపుకుని, రెండో గేదె పలుపు అందుకుని, ఆవిడ వెంట బోరింగు వైపు నడిచింది.