ఎస్తేరమ్మ ముందస్తు కృతజ్ఞత కూడిక

మా సంఘంలో నేను హార్మోనియం వాయిస్తాను. ఆ పెట్టె వెనక కూర్చుని నేను విన్నన్ని సాక్ష్యాలు మా పాస్టరు జెకర్యా అయ్యగారు కూడా విని ఉండరు. ఆయన కళ్ళు మూసుకుని వింటారు, ఒక్కోసారి అలాగే కునుకు తీస్తారు. నాకు ఆ వీలు లేదు. సాక్ష్యం ఎక్కడ ముగుస్తుందో కనిపెట్టి పాట ఎత్తుకోవాల్సింది నేనే.

దేవుడు తనకు చేసిన మేలును మనిషి నలుగురి ముందు నిలబడి చెప్పుకోవడమే సాక్ష్యం. చాలా మంచి పద్ధతి. కానీ మా ఊరివాళ్ళ చేతిలో పడితే ఏ మంచి పద్ధతైనా ఎంతకాలం మంచిగా ఉంటుంది? ముందు ఎంత చెడ్డగా బతికితే తర్వాత అంత మహిమ అని జనానికి తోచింది. దాంతో పాపాలు తక్కువైన వాళ్ళు మైకు ముందు చిన్నబోవడం మొదలైంది. ఒకాయన పెళ్ళికి ముందు ఎప్పుడో ఒక్క ముంత కల్లు తాగాడు. ఏటేటా సాక్ష్యంలో ఆ ముంత కుండైంది, కుండ కాగైంది, చివరికి పొలిమేరలో తాటితోపంతా ఆయనే తాగేసినట్టు తేలింది.

ఈ పోటీలో ఎప్పుడూ వెనకబడేది ఎస్తేరమ్మ. ఆమె ఎరిగిన పాపమల్లా ప్రార్థనలో నవ్వడం. అందరూ తలలు వంచుకుని ఉంటే ఎవరికో పొలమారుతుంది, లేదా అయ్యగారు పదిమంది పేర్లు చెప్పి పదకొండో పేరు మరిచిపోతారు. అంతే, ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కున వినిపిస్తుంది. అయ్యగారు ఆమెన్ అని కళ్ళు తెరిచి నేరుగా ఆమెనే చూస్తారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉంటుంది.

ఆమె భర్త నతానియేలు మాటల పుట్ట. చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో రెండెకరాల నల్లరేగడి కౌలుకు చేసేవాడు. మనిషి దొరికితే మనిషితో, దొరక్కపోతే ఎడ్లతో, అవీ మేతకు పోతే పత్తి మొక్కలతో మాట్లాడేవాడు. దారిన పోయేవాళ్ళు ఆయన గొంతు వినిపించగానే చుట్టు తిరిగి పోయేవాళ్ళు. చిక్కితే పొద్దుగూకినా వదలడు మరి.

అలాంటి మనిషికి తొంభై ఏడులో పత్తి దెబ్బకొట్టింది. మా చుట్టుపక్కల అందరికీ కొట్టింది. పచ్చపురుగు పడింది. మందు కొట్టిన కొద్దీ చావాల్సింది పోయి బలిసింది. అది సరిపోదన్నట్టు కాయ పగిలే వేళకు ముసురు పట్టింది. నతానియేలు ఒకరోజు పొద్దున్నే చేలోకి వెళ్ళి, చేతుల్తో మొక్కలు పీకుతూ సాయంత్రందాకా ఉండిపోయాడు. ఇంటికొచ్చి వాకిట్లో నులక మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అంతే. మాట ఆగిపోయింది.

పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. పొన్నూరు నుంచి కూతురు వచ్చి కాళ్ళు పట్టుకుని ఏడ్చినా నోరు విప్పలేదు. ఆ ఏడు పత్తి పోయిన రైతులు ఎక్కడెక్కడ ఏం చేసుకున్నారో రోజూ వింటూనే ఉన్నాం. ఎస్తేరమ్మ కూడా వింటూనే ఉంది. ఆమె మిరపకాయల కళ్ళంలో కూలికి పోయేది. గంటకోసారి ఏదో వంక పెట్టుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చి, మంచం మీద మనిషి ఉన్నాడో లేడో చూసుకుని మళ్ళీ పరుగెత్తేది. ఉన్నాడని చూశాక తిరిగి వెళ్ళేటప్పుడు పాట పాడుకుంటూ వెళ్ళేది.

"ఏందే నీ కులాసా? మొగుడట్టా ఉంటే పాటలేంది?" అని పక్కింటి పిచ్చమ్మ ఒకసారి గట్టిగానే అడిగింది.

"కళ్ళంలో పొద్దస్తమానం ఆ మిరపకాయలు ఏడిపిస్తానే ఉన్నాయి గదా పిచ్చమ్మొదినా, మళ్ళా ఇంటికాడ నేను సొంతంగా ఏడవటమెందుకు? ఇయాళ కూడా ఉన్నాడు, అది చాలు నాకు. రేపటికి ఉంచమని ఆయన్ని అడుగుతా" అంది ఎస్తేరమ్మ. ఆయన అంటే దేవుడు. ఎస్తేరమ్మ ప్రార్థన నేను విన్నాను. పక్కింటి పెద్దమనిషితో గోడ మీంచి మాట్లాడినట్టు ఉంటుంది.

మార్చి నెలలో ఆమె అయ్యగారి దగ్గరికొచ్చి, మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాలండి అంది. నేను అక్కడే ఉన్నాను. అయ్యగారు కంగారుపడ్డారు. మా దగ్గర కృతజ్ఞత కూడిక అంటే పంట బాగా పండినవాళ్ళు, కొడుక్కి ఉద్యోగం వచ్చినవాళ్ళు, ఆపరేషన్ అయి లేచినవాళ్ళు నలుగురిని పిలిచి, ప్రార్థన చేయించి, భోజనం పెట్టేది.

"ఏ మేలు గురించమ్మా?" అన్నారాయన.

"మా ఆయన నోరిప్పి మాట్లాడాడు గదండీ, అందుకండి."

"మాట్లాడాడా! ఎప్పుడు?"

"ఇంకా లేదండి. మాట్లాడతాడు."

అయ్యగారు ఓపిగ్గా చెప్పారు. మేలు పొందాక కృతజ్ఞత చెప్పాలమ్మా, ముందు చెబితే దాన్ని కృతజ్ఞత అనరు అన్నారు.

"పొందాక ఎవరైనా చెబుతారండి, దాంట్లో గొప్పేముంది?" అంది ఎస్తేరమ్మ. "మీరే చూడండి. మీకు నేనొక కోడిని ఇత్తానని చెప్పకముందే మీరు నలుగురిలో లేచి, ఎస్తేరమ్మ నాకు కోడినిచ్చింది, ఆమెకి వందనాలు అంటే, నేనిక ఇవ్వకుండా ఎట్టా ఉంటానండి? మొహమాటం ఉండదా?"

అయ్యగారు పాస్టర్లకు చదువు చెప్పే సెమినరీలో చదువుకున్నారు. కానీ దేవుణ్ణి మొహమాటపెట్టడం గురించి అక్కడ ఏం చెప్పారో నాకు తెలియదు. ఆయన నావైపు చూశారు. నేను హార్మోనియం తుడుచుకున్నాను.

కారణం ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. ముందే తెలిస్తే నతానియేలు మంచం మీంచి లేచి ఎటన్నా పోతాడని ఆమె భయం. ఆ తర్వాత ఇంటింటికీ వెళ్ళి పిలిచింది. "ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, భోజనాలుంటాయి, తప్పకుండా రావాలి, వచ్చేటప్పుడు తలా సోలెడు బియ్యం, నాలుగు వంకాయలు తెచ్చుకోండి."

భోజనానికి పిలిచి బియ్యం తెచ్చుకోమన్నవాళ్ళను మా ఊరు అంతవరకు చూడలేదు. ఇక ఒకటే పుకార్లు. పీకిన చేలో లంకెబిందెలు దొరికాయని ఒకరు, కాదు ప్రభుత్వం వాళ్ళొక్కళ్ళకే నష్టపరిహారం ఇచ్చిందని ఇంకొకరు. ఏభై దాటిన ఎస్తేరమ్మకు నెల తప్పిందేమోనని పిచ్చమ్మ. మైకు సెట్టు మీరా హుస్సేన్ అయితే ఆ సంగతేదో దగ్గర్నుంచి వినాలని, బేరం ఆడకుండానే పెట్టె, బాకా, బ్యాటరీ సైకిలుకు కట్టుకుని పట్టపగలే వచ్చేశాడు.

పందిరి వేయించడంలో ఎస్తేరమ్మ తెలివి చూసి నేను ఆశ్చర్యపోయాను. నతానియేలు మంచం కదల్చలేదు. మంచం చుట్టూరా రాటలు పాతించింది. ఆయన వీపు వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు, ఒక పక్క గాడిపొయ్యి, మరోపక్క నా హార్మోనియం. పారిపోవాలంటే ఆయన గోడ దూకాలి. వేపకొమ్మకు కట్టిన బాకా సరిగ్గా ఆయన చెవి మీదికి తిరిగి ఉంది. ఆయన మాత్రం గోడను చూస్తూ కూర్చున్నాడు.

పాటలయ్యాయి. అయ్యగారి వాక్య ప్రసంగమైంది. ఎస్తేరమ్మ మైకు ముందుకొచ్చింది. ఏం చెబుతుందోనని జనం ముందుకు వంగారు. నేను నతానియేలు వీపునే చూస్తున్నాను. ఆయన ఇవాళ కూడా మాట్లాడకపోతే ఈ మనిషి ఇంతమందిలో ఏమైపోతుంది?

ఆమె గొంతు సవరించుకుంది. పద్ధతి ప్రకారం ముందు పాపాలు చెప్పాలి. ఆమె దగ్గర లేవు. కాసేపు ఆలోచించి, భర్తవి అందుకుంది.

"ప్రభువు నందు ప్రియులారా, మా ఆయన పచ్చి తాగుబోతండి."

జనం ఉలిక్కిపడ్డారు. నతానియేలు కల్లు కాదు గదా, సోడా కూడా ముట్టడు. మంచం మీద వీపు కొంచెం కదిలింది.

"తాగొచ్చి నన్ను కొట్టేవాడండి. పోయినేడు పిచ్చమ్మొదిన కోడిపుంజు పోయింది చూడండి, అది ఎత్తుకొచ్చింది ఈయనేనండి."

"ఓరి నీ దుంప తెగ! నువ్వా?" అని పిచ్చమ్మ ఆడవాళ్ళ మధ్యలోంచి లేచింది. "ఏరా నతానేలూ, కుక్క ఎత్తుకుపోయిందని నాతో పాటు వెతికావు గదరా!"

వీపు బిగుసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. కానీ నోరు పెగల్లేదు. ఎస్తేరమ్మ భర్త వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నేను దగ్గర్నుంచి చూశాను, అందులో నవ్వు లేదు. మైకు గట్టిగా పట్టుకుంది.

"అయ్యన్నీ దేవుడు క్షమించాడండి. కానీ అసలు పాపం చెబుతున్నా వినండి. ఈయనకి సేద్యం రాదండి. పత్తి పోయింది పురుగు వల్ల కాదు, వాన వల్ల కాదు. ఈయన సాళ్ళు వంకర తోలాడండి!"

మంచం కిర్రుమంది.

"ఎవరి సాళ్ళే వంకర?"

నతానియేలు లేచి నిలబడి ఉన్నాడు. పంచె జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి పెళ్ళాం మీదికి చాపాడు. ఇన్ని నెలలు వాడని గొంతు తుప్పుపట్టిన గిలకలా ఉంది. "ఎవరి సాళ్ళే వంకరంట? తాడు పట్టి చూసుకో పో! ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి కనపడాలి! నా సాళ్ళు వంకరంటావంటే?"

"స్తోత్రం!" అని అరిచారు అయ్యగారు. ఆయన అంత గట్టిగా అరవడం మళ్ళీ ఎప్పుడూ వినలేదు. "హల్లెలూయ!" అని జనం. నేను తప్పు శ్రుతిలో పాట ఎత్తుకున్నాను, ఎవరూ పట్టించుకోలేదు. మీరా హుస్సేన్ అరక్షణంలో మైకు పీకి నతానియేలు నోటి దగ్గర పెట్టాడు.

ఇక ఆపేదెవరు? సాళ్ళ సంగతి అయ్యాక కోడి సంగతి, కోడి అయ్యాక కల్లు సంగతి చెప్పాడు. పిచ్చమ్మ మధ్యమధ్యలో అడ్డం వస్తే ఆమెకు విడిగా జవాబు చెప్పాడు. తర్వాత పురుగు సంగతికొచ్చాడు. కాయకు కాయ ఎలా తొలిచిందో చెప్పాడు. పిల్లల్లా పెంచిన మొక్కల్ని పీకుతుంటే ఎలా ఉందో చెబుతూ బాకా మారుమోగేలా ఏడ్చాడు. పత్తి పోయిన మగవాళ్ళంతా ఆయనతో కలిసి ఏడ్చారు. అన్నం మాడిపోతోందని ఎస్తేరమ్మ గాడిపొయ్యి దగ్గరికి పరుగెత్తింది. అక్కడ గరిటె పట్టుకుని నవ్వుతూనే ఉంది. ఆ మాడిన అన్నం, వంకాయ కూర నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. ఇంత సంతోషం పంట పండిన ఏ ఏడాది కూడికలోనూ నేను చూడలేదు.

అయ్యగారు సంతోషించారు కానీ మర్నాటికి ఆయనకు బైబిల్లోని పది ఆజ్ఞలు గుర్తొచ్చాయి. నిండు కూడికలో అబద్ధ సాక్ష్యం పలికితే ఎలా? వచ్చే ఆదివారం గుళ్ళో సరిదిద్దుకోవాలమ్మా అన్నారు. ఎస్తేరమ్మ సరేనంది. ఆదివారం లేచి నిలబడింది.

"మూడు అబద్ధాలాడానండి. తాగుడు, కోడి, సాళ్ళు. దేవుడూ, మీరూ, పిచ్చమ్మొదినా క్షమించాలి" అని కూర్చోబోయింది.

మగవాళ్ళ వైపు నుంచి నతానియేలు లేచాడు.

"ఇంకోటి ఉందండయ్యగారూ, ఆమె చెప్పలా. పురుగుమందు డబ్బా ఏదని నేను కళ్ళతో వెతుకుతుంటే, పారబోశానంది. పారబోయలా. పిడకల దొంతి కింద దాచింది. నేను చూశానండి. ఒకరోజు ఆమె కళ్ళానికి పోయినాక చేతిలోకి కూడా తీసుకున్నా." ఆయన ఎస్తేరమ్మ వైపు తిరిగాడు. "అప్పుడే ఈమె ఒగర్చుకుంటా పరుగెత్తుకొచ్చింది. మంచం మీద చూసింది, నేను లేను. పిచ్చిదాని లాగా నా పేరు పెట్టి అరిచిందండి. మొగుణ్ణి పేరు పెట్టి ఏనాడూ పిలవని మనిషి. ఆ అరుపు ఇని డబ్బా మళ్ళా అక్కడే పెట్టేసి వచ్చి కూర్చున్నా. నేను మాటాడలేదు గానీ, ఆ రోజు నించి రోజూ ఆమె వచ్చేదాకా ఎదురుచూసేవాణ్ణండి."

ఎస్తేరమ్మ అన్ని నెలల్లో మొదటిసారి ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమె వీపు నిమురుతున్నారు. నా కళ్ళకు హార్మోనియం మెట్లు కనపడలేదు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అలవాటు కొద్దీ అన్నారు.

"ఇంకెవరికైనా సాక్ష్యం ఉందా?"

"నాది ఇంకా అవలేదండి" అన్నాడు నతానియేలు.