మామ్మ మానేసిన మాట

మా చిన్నప్పుడు... తెల్లారితే మా మామ్మ నోట మొదట వినపడే మాట 'సొమ్ము'. మామ్మ అంటే మా నాన్నని కన్నతల్లి. కొల్లేటి ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఆవిడ గొంతు వినపడని వీధి లేదు.

దుద్దులు లేకుండా బడికి బయల్దేరితే "సొమ్ములు పెట్టుకోవే, బోడి చెవులేసుకుని ఎక్కడికి?" అనేది. అన్నం మెతుకులు కింద పడేస్తే "తేరగా వచ్చిన సొమ్మటే?" మగపిల్లలు పక్కింటి జామచెట్టెక్కితే "ఎవడబ్బ సొమ్మనిరా!" నేను మా పిన్ని రిబ్బన్లు కట్టుకుని అద్దం ముందు తిరుగుతుంటే "సొమ్మొకడిది, సోకొకడిది" అని ఒకటే నవ్వు. నగైనా, డబ్బైనా, గింజైనా... విలువైనదంతా ఆవిడకి సొమ్మే.

అన్నిటికన్నా పెద్దది మాత్రం దేవుడి సొమ్ము.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. కోతలయ్యాక కోత పండగ వచ్చేది. పాదుకి కాసిన తొలి గుమ్మడికాయ, తొలి ధాన్యం, కోళ్లలో మంచిది... అన్నీ గుడికి, అంటే మా చర్చికే, ఇచ్చేవాళ్లం. ఆరాధన అయ్యాక గుడి ముందు వాటిని వేలం వేసేవారు. కోడిగుడ్డు పాడుకున్నాయన దాన్ని మళ్లీ దేవుడికే ఇచ్చేస్తే మళ్లీ పాట... నవ్వులే నవ్వులు.

పండగకి చాలా ముందే మామ్మ పాత చీర అంచు చించి, ఇవ్వాలనుకున్నవాటికి ఎర్ర పేలిక కట్టేది. పేలిక కట్టిందంటే ఇక అది మనది కాదు. వండుకోకూడదు, అమ్ముకోకూడదు, వేలంలో మనమే పాడుకోకూడదు.

ఆ ఏడాది ఒక పెట్ట కాలికి కట్టింది. అది మా తమ్ముడు జోజిగాడి ప్రాణం. వాడింకా బళ్లో కూడా చేరలేదు. తన కంచంలో మెతుకులు పెట్టి పెంచాడు దాన్ని.

పండగ పొద్దున చూస్తే పెట్ట కాలికి పేలిక లేదు. వాడేమో గాదె పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు. పేలిక వాడి మణికట్టుకి ఉంది. ఒక కొస పళ్లతో లాగి తనే ముడేసుకున్నాడు...

"దాన్నొదిలెయ్ మామ్మా... నన్ను తీసుకెళ్లి ఇచ్చెయ్. నన్ను పాడుకుంటార్లే."

మామ్మ పకపకా నవ్వి వాణ్ని ఎత్తుకుని ముద్దులు పెట్టేసింది. "ఓరి నా తండ్రే! నువ్వెప్పుడూ దేవుడి సొమ్మేరా!"

అమ్మ నవ్వలేదు. గబగబా వచ్చి, ముడి రాకపోతే పంటితో కొరికి మరీ ఆ పేలిక విప్పేసింది. "అవేం మాటలత్తయ్యా... పసివాడి మీద" అంది. అమ్మ మామ్మకి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు.

పెట్టని అవతలి వీధివాళ్లు ఎవరో పాడుకున్నారు. జోజిగాడు ఏడ్చి ఏడ్చి నా ఒళ్లోనే నిద్రపోయాడు.

తర్వాతొచ్చిన వానాకాలం కొల్లేరు పొంగింది. ఊరికొచ్చే రోడ్డు మునిగిపోయింది. ఆ నీళ్లలో వాడికి జ్వరం వచ్చింది. అమ్మా నాన్నా వాణ్ని దుప్పట్లో చుట్టి, దోనె పడవలో, మునగని పెద్ద రోడ్డు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఇంకాస్త ముందు తేవలసిందన్నారట. ఎలా తెస్తారండీ... చుట్టూ నీళ్లే కదా.

అదే దుప్పట్లో, అదే దోనెలో ఇంటికి తెచ్చారు. దుప్పటి జరిగి వాడి చెయ్యి బయటికి కనపడుతోంది. నేను చూడలేకపోయాను.

సమాధి చేసి వచ్చాక చర్చి అయ్యగారు ప్రార్థన చేసి వెళ్లారు. అమ్మ అరుగు మీద గోడకి జారగిలబడిపోయింది. మామ్మ పక్కన కూర్చుని అమ్మ తల నిమురుతూ, ఓదార్పుకే పాపం, "ఏడవకమ్మా... దేవుడి సొమ్ము... ఆయనే తీసుకున్నాడు" అంది.

అమ్మ తలెత్తింది.

"విప్పేశాను కదత్తయ్యా..." అంది. "అప్పుడే విప్పేశాను కదా!"

మామ్మ చెయ్యి అమ్మ తల మీద అలాగే ఆగిపోయింది.

ఆ తర్వాత మామ్మ చాలా ఏళ్లే బతికింది. ఆ మాట మాత్రం మళ్లీ ఆవిడ నోట రాలేదు. నగల్ని నగలంది, డబ్బుని డబ్బంది. కోత పండక్కి ఇవ్వాల్సినవి ఇచ్చేది గానీ దేనికీ పేలిక కట్టలేదు. నేను కావాలని పిన్ని రిబ్బన్లు కట్టుకుని ఎదురుగా తిరిగితే "బావున్నాయే" అని ఊరుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆ వెక్కిరించే మామ్మ కావాలనిపించింది...

ఇప్పుడు మా పొలాలన్నీ చేపల చెరువులైపోయాయి. కోత పండక్కి కోళ్లూ లేవు, గుమ్మడికాయలూ లేవు, అందరూ కవర్లో నోట్లు పెట్టి ఇచ్చేస్తున్నారు. సొమ్మన్న మాట టీవీలో దొంగలు దొరికినప్పుడే వినపడుతోంది. మామ్మ పోయింది, నాన్న పోయారు. అమ్మ నా దగ్గరే, తాడేపల్లిగూడెంలో ఉంటోంది.

మొన్న మా మనవణ్ణి చూడటానికి పక్కింటావిడ వచ్చింది. "బంగారంలా ఉన్నాడండీ, దిష్టి తగుల్తుంది, ఉంచండి" అని ప్రేమగా వాడి చేతికి ఎర్రదారం కట్టి వెళ్లింది.

ఆవిడ గుమ్మం దాటిందో లేదో, అమ్మ ఆ ముడి విప్పబోయింది. రాలేదు. చేతిని నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది... ఇప్పుడు అమ్మకి పళ్లు లేవు.

నా వంక చూసి, "నువ్వు కొరకవే" అంది.

కొరికాను.

మీ ఇంట్లో కూడా అందరూ పలకడం మానేసిన మాట ఏదైనా ఉందా అండీ... ఉంటే ఇక్కడ చెప్పుకోండి. ఇంట్లో చెప్పుకోలేం కదా...